చిన్న గొట్టం... పెద్ద పనితనం!

పాత కారు వేడెక్కితే అందరి చూపూ రేడియేటర్ మీదే. పెట్రోలు ఎక్కువ తాగితే తిట్లన్నీ కార్బరేటర్‌కే. కానీ చాలాసార్లు అసలు దోషి చిటికెన వేలంత లావు కూడా ఉండని ఓ రబ్బరు గొట్టం. 'రేసు కార్లకు లేదుగా, మనకెందుకు' అని పీకేసిన ఆ గొట్టమే వీధిలో తిరిగే కారుకు ప్రాణం. ఎందుకో తెలియాలంటే ఓసారి ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కాల్సిందే.

ఇలాంటి సీను ఒకటి ఊహించుకోండి.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్. కథ జరిగేది 1965లో. హీరో తెల్ల అంబాసిడర్‌లో గుట్ట ఎక్కి వచ్చి, బంగళా ముందు దిగాలి. అంతే షాటు. ఊరికి ఆ చివరి నుంచి అద్దెకు తెచ్చిన కారు పొద్దున్నే మెరిసిపోతూ వచ్చి నిలబడింది. కొత్త పెయింటు, కొత్త సీట్లు, అద్దంలా మెరిసే బంపరు. డైరెక్టర్ 'యాక్షన్' అన్నాడు. కారు కదిలింది. సగం గుట్ట ఎక్కిందో లేదో బానెట్ కింద నుంచి టకటకటక... ఇనప డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు! ఇంకో పది గజాలు వెళ్లాక తెల్లటి ఆవిరి. 1965 కాస్తా అక్కడే ఆగిపోయింది.

యూనిట్ అంతా చుట్టూ చేరుతుంది. 'రేడియేటర్ పోయింది' అంటారొకరు. 'వాటర్ పంపు' అంటారు ఇంకొకరు. 'పాత బండి కదా, అంతే' అని తేల్చేస్తారు మరొకరు. అందరూ తలోమాట అంటుండగా, అనుభవమున్న మెకానిక్ అయితే నీళ్ల జోలికి పోడు. ఇంజిన్ పక్కన గుండ్రంగా, పొడుగ్గా, నెత్తిన నల్లటి వైర్లతో ఉండే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్తాడు. దాని పక్కన అతికించినట్టుండే చిన్న రేకు డబ్బా, దాన్నుంచి కార్బరేటర్ వైపు వెళ్లాల్సిన సన్న గొట్టం... ఆ గొట్టం ఉండదు. అది ఉండాల్సిన చోట ఓ మరమేకు బిగించి ఉంటుంది!

ఆ గొట్టం పేరే వాక్యూమ్ అడ్వాన్స్. అది లేకపోతే కారు నడవదా అంటే, నడుస్తుంది. అసలు చిక్కంతా అక్కడే. నడుస్తుంది కాబట్టే ఎవరూ పట్టించుకోరు.

మంట ముందే పెట్టాలి!

పెట్రోలు ఇంజిన్ చేసే పని నాలుగే మాటల్లో చెప్పొచ్చు. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని సిలిండర్‌లోకి పీల్చుకుంటుంది. పిస్టన్ పైకి వస్తూ దాన్ని నొక్కిపెడుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మండిన వాయువులు పిస్టన్‌ను కిందికి తంతాయి. ఆ తన్నే చక్రాలను తిప్పుతుంది. ఆ తర్వాత పొగ సైలెన్సర్ దారి పడుతుంది.

మరి నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి? పిస్టన్ సరిగ్గా పైకొచ్చి ఆగిన క్షణంలోనా? అలాగైతే ఆలస్యమైపోయినట్టే. మంట అంటే బాంబు పేలుడు కాదు. ప్లగ్గు దగ్గర మొదలై సిలిండర్ అంతా పాకడానికి దానికీ కొంత సమయం కావాలి. ఆ సమయం రెండు మూడు మిల్లీసెకన్లు. అంటే సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. మనకది లెక్కలోకి రాని సమయం. ఇంజిన్‌కు మాత్రం చాలా ఎక్కువ.

వంటింట్లోకి వెళ్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వడ్డించాలి. ఆ సమయం మారదు. గ్యాస్ పొయ్యి అయితే పదకొండున్నరకు అన్నం పెట్టినా చాలు. తడి కట్టెల పొయ్యి అయితే పదకొండింటికే పెట్టాలి. మంట ఎంత మందంగా ఉంటే అంత ముందుగా పొయ్యి అంటించాలి. ఇంజిన్‌లోనూ అంతే. పిస్టన్ పై అంచుకు చేరి, కిందికి తిరిగి, ఇరుసు సుమారు 15 డిగ్రీలు తిరిగేసరికి సిలిండర్‌లో ఒత్తిడి పతాక స్థాయిలో ఉండాలి. అదే వడ్డన సమయం. దానికి తగ్గట్టు పొయ్యి ముందే అంటించాలి. ఎంత ముందు అంటిస్తామన్న లెక్కనే 'అడ్వాన్స్' అంటారు. దాన్ని కొలిచేది ఇరుసు తిరిగే డిగ్రీల్లో.

ఓ చిన్న లెక్క చూద్దాం. నిలబడి ఉన్న కారు ఇంజిన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతోందనుకుంటే, ఒక్క చుట్టుకు 75 మిల్లీసెకన్లు. మంట పాకడానికి 3 మిల్లీసెకన్లు పడితే ఆలోపు ఇరుసు తిరిగేది 14 డిగ్రీలు. అదే ఇంజిన్ 3000 వేగంలో ఉంటే ఒక్క చుట్టు 20 మిల్లీసెకన్లలో అయిపోతుంది. అదే 3 మిల్లీసెకన్లలో 54 డిగ్రీలు తిరిగేస్తుంది! వేగం పెరిగితే సిలిండర్‌లో సుడులు పెరిగి మంట కూడా జోరందుకుంటుంది కాబట్టి అంత అడ్వాన్స్ అక్కర్లేదు. కానీ 14 మాత్రం సరిపోదు. కాబట్టి వేగాన్ని బట్టి నిప్పురవ్వ సమయం మారుతూ ఉండాలి.

నిజాం కారులో మీట

మొదటి రోజుల్లో ఈ పని డ్రైవరే చేసేవాడు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడున్న పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. ఆయన 1911లో కన్నుమూశాకగానీ అది రాలేదు. ఆ కాలం కార్ల స్టీరింగ్ దగ్గర ఓ చిన్న మీట ఉండేది. వేగం పెరిగితే మీటను ముందుకు జరపాలి. ఎత్తు ఎక్కుతుంటే వెనక్కి లాగాలి. అమెరికాలో ఊరూరా తిరిగిన ఫోర్డ్ మోడల్ టీ కారుదీ అదే తీరు. చెవితో ఇంజిన్‌ను వింటూ, చేత్తో మీట జరుపుతూ నడపడం డ్రైవర్ నేర్వాల్సిన మొదటి విద్య.

అందరూ ఆ విద్య నేర్వలేరు. కాబట్టి ఆ పనిని యంత్రానికే అప్పగించారు ఇంజినీర్లు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్, ఆయన సహచరులు 1909లో పెట్టిన డేటన్ ఇంజినీరింగ్ ల్యాబొరేటరీస్ కంపెనీ పేరే పొట్టిగా 'డెల్కో'. పాయింట్లు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్‌తో కార్లకు నిప్పు పెట్టే పద్ధతికి బాటవేసింది వాళ్లే. మన షెడ్లలో పాత మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ను ఇప్పటికీ 'డెల్కో' అనడం వెనకున్న కథ ఇది.

డిస్ట్రిబ్యూటర్ లోపల స్ప్రింగులకు కట్టిన రెండు చిన్న బరువులుంటాయి. తిరనాళ్లలో రంకులరాట్నం జోరందుకునే కొద్దీ కుర్చీలు బయటికి విచ్చుకోవడం చూశాంగా! ఇంజిన్ వేగం పెరిగితే ఈ బరువులూ అలాగే విచ్చుకుని నిప్పురవ్వను ముందుకు జరుపుతాయి. వేగం సంగతి అలా తీరిపోయింది. కానీ ఇంకో సంగతి మిగిలింది. అదే బరువు.

ఎత్తు వేరు... చదును వేరు

ఇంజిన్ 2000 వేగంలోనే తిరుగుతోంది. ఒకసారి చదునైన రోడ్డు మీద, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా. ఇంకోసారి నలుగుర్ని ఎక్కించుకుని, ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, కాలు గట్టిగా అదిమి. వేగం ఒకటే. లోపల జరిగేది మాత్రం వేరు.

చదును మీద కార్బరేటర్ గొంతులోని తలుపు కొద్దిగానే తెరుచుకుంటుంది. సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమం తక్కువ. పల్చగా ఉంటుంది. పల్చటి మిశ్రమం తడి కట్టెలాంటిది. నిదానంగా అంటుకుంటుంది. కాబట్టి పొయ్యి ఇంకా ముందు అంటించాలి. ఎత్తు మీద తలుపు బార్లా తెరుచుకుంటుంది. సిలిండర్ నిండుగా, ఒత్తుగా మిశ్రమం చేరుతుంది. అది ఎండు గడ్డిలా భగ్గుమంటుంది. దానికి ముందే నిప్పు పెడితే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి పెరిగిపోతుంది. ఇంకా మంట చేరని మిశ్రమం ఆ వేడికి, ఒత్తిడికి తనంతట తానే పేలుతుంది. ఆ చప్పుడే ఇందాక గుట్ట మీద విన్న టకటక. నాకింగ్ అంటాం. అది ముదిరితే రింగులు విరుగుతాయి, పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

అంటే చదునుకు తగ్గట్టు టైమింగ్ పెడితే ఎత్తు మీద దెబ్బ. ఎత్తుకు తగ్గట్టు పెడితే చదును మీద మంట ఆలస్యమై పెట్రోలు వృథా, ఇంజిన్ వేడి. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి!

ఈ నుయ్యికీ గొయ్యికీ మధ్య దారి చూపిందే వాక్యూమ్ అడ్వాన్స్. 1930ల్లో కార్లలో బాగా వ్యాపించింది. దాని కిటుకు చూస్తే ఇంత తేలికా అనిపిస్తుంది.

కొబ్బరిబొండంలో స్ట్రా పెట్టి పీల్చండి. స్ట్రాను వేళ్లతో నొక్కిపెట్టి మళ్లీ పీల్చండి. రెండోసారి బుగ్గలు లోపలికి లాక్కుపోతాయి. దారి మూసుకుంటే పీల్పు పెరుగుతుంది. ఇంజిన్‌కూ అంతే. కార్బరేటర్ తలుపు మూసి ఉంటే దాని వెనక పీల్పు ఎక్కువ. బార్లా తెరిస్తే దాదాపు సున్నా. అంటే ఇంజిన్ మీద ఎంత బరువుందో ఈ పీల్పే చెబుతోందన్నమాట! ఆ కబురును డిస్ట్రిబ్యూటర్‌కు మోసుకెళ్లేదే మన సన్న గొట్టం. రేకు డబ్బా లోపల పల్చటి పొర ఒకటి, దాని వెనక స్ప్రింగు, ముందు ఓ కడ్డీ. పీల్పు పెరిగితే పొర లోపలికి వెళ్తుంది, కడ్డీ పాయింట్ల పళ్లేన్ని కొద్దిగా తిప్పుతుంది, నిప్పురవ్వ ముందుకు జరుగుతుంది. పీల్పు పడిపోతే స్ప్రింగు వెనక్కి నెట్టేస్తుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. గాలే కబురు, గాలే కూలి.

చెక్‌పోస్ట్ నుంచి కేబుల్ వంతెన దాకా

ఈ పీల్పును కొలిచే మీటరు ఒకటి పాత కారుకు తగిలించి జూబ్లీహిల్స్‌లో ఓ చుట్టు తిరిగామనుకోండి. ముల్లు ఏం చెబుతుందో చూద్దాం. కొలత పాదరసం అంగుళాల్లో ఉంటుంది.

చెక్‌పోస్ట్ దగ్గర ఎర్రలైటు. కారు ఆగింది, ఇంజిన్ ఆడుతోంది. తలుపు మూసి ఉంది కాబట్టి ముల్లు 15, 16, 17 మధ్య నిలబడుతుంది. సముద్ర తీరంలోనైతే ఇంకాస్త ఎక్కువ చూపించేది. వెయ్యి అడుగుల ఎత్తుకు అంగుళం చొప్పున పీల్పు తగ్గుతుంది. హైదరాబాద్ ఉన్నది సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే. అంటే సినిమా పరిశ్రమతో పాటు మద్రాసు నుంచి ఇక్కడికి తరలివచ్చిన కారు ఏదైనా ఉంటే, దాని ఇంజిన్‌కు ఇక్కడ రెండు అంగుళాల దాకా పీల్పు తక్కువే!

ఫిల్మ్‌నగర్ ఎత్తు. కాలు అదిమారు. ముల్లు ఒక్కసారిగా 2, 3కు పడిపోతుంది. అదే క్షణంలో డబ్బాలోని స్ప్రింగు వెనక్కి తన్నేస్తుంది. అదనపు అడ్వాన్స్ మొత్తం మాయం. డ్రైవర్ మీట జరపాల్సిన పని లేకుండానే.

రోడ్ నంబర్ 45 ఫ్లైఓవర్, దాటితే 2020లో తెరిచిన దుర్గంచెరువు కేబుల్ వంతెన. ట్రాఫిక్ పల్చగా ఉంటే కారు ఒకే తీరున సాగిపోతుంది. కాలు ఆనీ ఆనకుండా ఉంటుంది. ముల్లు 12 దాటుతుంది. అడ్వాన్స్ పూర్తిగా వచ్చేస్తుంది. పెట్రోలు ఆదా అయ్యేది ఇక్కడే.

దిగుడులో కాలు తీసేశారు. ముల్లు 20కి వెళ్తుంది. కానీ అక్కడ మండాల్సింది పెద్దగా లేదు కాబట్టి చింత లేదు.

అంకెల్లో చెప్పాలంటే, ఓ కారు డిస్ట్రిబ్యూటర్‌ను బిగించినప్పుడు పెట్టిన టైమింగ్ 8 డిగ్రీలు అనుకుందాం. 2000 వేగంలో బరువులు ఇచ్చేది 12. వాక్యూమ్ ఇచ్చేది ఇంకో 14. చదును మీద మొత్తం 34 డిగ్రీలు. అదే వేగంలో ఎత్తు మీద 20 మాత్రమే. ఒకే ఇంజిన్, ఒకే వేగం, రెండు వేర్వేరు టైమింగులు. గొట్టం పీకేస్తే రెండు చోట్లా 20యే. చదును మీద 14 డిగ్రీల ఆలస్యం!

వీధి కారు రోజంతా చేసే పనిని లెక్కేయండి. పూర్తిగా కాలు అదిమేది ఎంతసేపు? ఏ ఓవర్‌టేక్‌లోనో, ఏ గుట్ట మీదో కొన్ని సెకన్లు. మిగతా సమయమంతా సగం కాలు, పావు కాలే. అంటే గొట్టం లేని కారు జీవితంలో ఎక్కువ భాగం ఆలస్యపు మంటతోనే గడుపుతోందన్నమాట.

'రేసు కార్లకు లేదుగా!'

మరి అంత మేలు చేసే గొట్టాన్ని ఎందుకు పీకేస్తారు?

ఒక కారణం మోజు. రేసు ఇంజిన్ల ఫొటోల్లో డిస్ట్రిబ్యూటర్ పక్కన రేకు డబ్బా కనిపించదు. 'చూశారా, అది ఉత్త బరువు' అనుకుంటారు కుర్రాళ్లు. నిజమే, రేసు కారుకు అది అక్కర్లేదు. ఎందుకంటే రేసులో కాలు ఎప్పుడూ నేలకే అదిమి ఉంటుంది. పీల్పే ఉండదు. లేని పీల్పుతో పనిచేసే పరికరం ఎందుకు? పైగా రేసు ఇంజిన్‌లో కవాటాలు తెరిచి ఉంచే తీరు వేరు. నిలబడి ఉన్నప్పుడు కూడా పీల్పు బలహీనంగా ఉంటుంది. చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర మూడు లైట్ల పాటు ఆగే కారుకు రేసు కారు న్యాయం చెల్లదు.

రెండో కారణం అసలైంది. లోపలి పొర చిరిగిపోతుంది. గొట్టం ఎండి పగులుతుంది. అప్పుడది పీల్పు కబురు మోయకపోగా, ఇంజిన్‌లోకి దొంగగాలి పంపిస్తుంది. నిలబడినప్పుడు ఇంజిన్ వణుకుతుంది, మిస్సింగ్ మొదలవుతుంది. గొట్టం పీకి మరమేకు బిగిస్తే ఆ వణుకు ఆగిపోతుంది. 'చూశారా, సెట్ అయిపోయింది!' వంద రూపాయల్లో పని అయిందని యజమానికి సంబరం. నాలుగు రోజులయ్యాక పికప్ మందగించిందని మళ్లీ వస్తాడు. అప్పుడు డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో కొంచెం ముందుకు తిప్పి బిగిస్తారు. చదును మీద కారు కాస్త తేరుకుంటుంది. కానీ ఆ తిప్పిన డిగ్రీలు ఎత్తు వచ్చినా వెనక్కి పోవు. మొదట చూసిన ఫిల్మ్‌నగర్ గుట్ట సీనుకు స్క్రీన్‌ప్లే అక్కడే మొదలైంది.

ఆ తర్వాత రేడియేటర్ మారుస్తారు. పంపు మారుస్తారు. పెద్ద ఫ్యాను బిగిస్తారు. వేలల్లో ఖర్చు. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

గొట్టానికీ వేడికీ సంబంధమేమిటన్న అనుమానం సహజం. మంట ఆలస్యంగా మొదలైతే ఆలస్యంగా ముగుస్తుంది. పొగ బయటికి పోయే కవాటం తెరుచుకునే సమయానికి కూడా మండుతూనే ఉంటుంది. పిస్టన్‌ను తన్నాల్సిన వేడి కాస్తా సిలిండర్ హెడ్‌కూ, పొగ గొట్టానికీ చేరుతుంది. అక్కడి నుంచి నీళ్లకు. ఇది ఇంజినీర్లకు ఎంత బాగా తెలుసంటే, 1960లు, 70ల్లో అమెరికా కార్లలో దీన్ని రెండు వైపులా వాడుకున్నారు. పొగలో మండని పెట్రోలు తగ్గించేందుకు నిలబడినప్పుడు నిప్పురవ్వను కావాలనే ఆలస్యం చేశారు. ఆలస్యపు మంట పొగ గొట్టం దాకా మండుతూ ఆ మిగులును కాల్చేసేది. దానివల్ల ట్రాఫిక్‌లో ఇంజిన్లు వేడెక్కితే కాచుకోవడానికి ఓ చిన్న కవాటం పెట్టారు. నీళ్ల వేడి హద్దు దాటగానే అది వాక్యూమ్ అడ్వాన్స్‌కు పూర్తి పీల్పు అందించి ఇంజిన్‌ను చల్లబరిచేది.

ఏ రంధ్రానికి తగిలించాలి?

పాత కార్ల ప్రేమికులు ఇద్దరు కలిస్తే తెగని వాదన ఇది. కార్బరేటర్‌కు పీల్పు తీసుకునే చోట్లు రెండుంటాయి. ఒకటి తలుపుకు కింద. అక్కడ ఇంజిన్ నిలబడి ఆడుతున్నప్పుడు కూడా పూర్తి పీల్పు ఉంటుంది. రెండోది తలుపు అంచుకు సరిగ్గా పైన. నిలబడినప్పుడు అక్కడ పీల్పు ఉండదు. కాలు కాస్త ఆన్చగానే మొదలవుతుంది. కాలు ఆన్చాక మాత్రం రెండూ దాదాపు ఒకటే. తేడా అంతా నిలబడినప్పుడే.

ఏది మంచిది? కింది రంధ్రానికి తగిలిస్తే సిగ్నల్ దగ్గర ఇంజిన్ కాస్త చల్లగా, మెత్తగా ఆడుతుందన్నది నిజం. కానీ పై రంధ్రానికి తగ్గట్టు కంపెనీ లెక్కలు వేసిన కారులో గొట్టం మార్చి తగిలిస్తే ఇంజిన్ ఆడే వేగం పెరిగిపోతుంది. దాన్ని మళ్లీ తగ్గించాలి, అన్నీ మొదటి నుంచి సరిచూడాలి. అందుకే కంపెనీ ఎక్కడ తగిలించిందో అక్కడే ఉంచడం మేలు. ఎక్కడ తగిలించాలన్నది వాదించుకునే విషయమే. అసలు తగిలించకపోవడం మాత్రం వాదనకు నిలవదు.

పోతున్నది గొట్టం మాత్రమే కాదు

అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో మొదలై మధ్యతరగతి ఇళ్ల ముందు నిలిచిన మారుతి 800 కూడా అదే ఏడాది సెలవు తీసుకుంది. కార్బరేటర్ రోజుల్లో రోడ్డెక్కిన ఆ కార్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. నాన్న మొదటి జీతంతో కొన్నది ఒకటి, తాతయ్య చివరిదాకా నడిపింది ఇంకొకటి. అమ్మితే వచ్చేది ఎంతో లేదు. అందుకే అమ్మరు. అవి షెడ్డులో తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ రోడ్డెక్కాలంటే ఇంజిన్ బాగుండాలి.

సినిమాకూ అవి కావాలి. 2018లో వచ్చిన 'మహానటి', 2019లో వచ్చిన 'ఎన్టీఆర్ కథానాయకుడు' లాంటి చిత్రాలు పాతకాలాన్ని కళ్లకు కట్టాలంటే ఆ కాలపు కార్లు తెర మీద కదలాలి. నిలబెట్టిన కారును ఎవరైనా అందంగా చూపించొచ్చు. గుట్ట ఎక్కే కారును మాత్రం ఇంజినే నడపాలి.

ఇంజిన్‌ను వినగలిగే చెవులు తగ్గిపోతున్నాయి. లూకాస్ కంపెనీ పాత డిస్ట్రిబ్యూటర్లలో వాక్యూమ్ డబ్బా పక్కన చిన్న మర ఒకటి ఉండేది. ఒకవైపు 'ఏ', ఇంకోవైపు 'ఆర్' గుర్తులు. అడ్వాన్స్, రిటార్డ్ అని. వేలితో తిప్పితే టిక్కుటిక్కుమంటుంది. 11 టిక్కులకు ఒక డిగ్రీ! ఎత్తు మీద ఒక్కసారి నడిపి చూసి, నాలుగు టిక్కులు వెనక్కి తిప్పి, మళ్లీ నడిపి చూసి 'ఇప్పుడు సరే' అనే మెకానిక్కులు ఒకప్పుడు పేటకొకరు ఉండేవారు. ఇప్పటి షెడ్లలో ల్యాప్‌టాప్ తగిలిస్తేనే కారు మాట్లాడుతుంది. పాత కారుకు ఆ ప్లగ్గు పెట్టే చోటే లేదు.

దీనికి తోడు ఇంధనమూ మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా వచ్చేసింది. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకునే గుణమున్నదే. కానీ పాత రబ్బరుకు అది పడదు. పాత కార్ల గొట్టాలు, పొరలు, వాషర్లు తరచూ చూసుకోవాల్సిన రోజులివి.

గొట్టం పోయినా గుణం పోలేదు

కొత్త కార్లలో డిస్ట్రిబ్యూటరే లేదు. మరి వాటికి బరువు సంగతి ఎలా తెలుస్తుంది? అదే పీల్పుతో! ఇంజిన్ మీద ఉండే చిన్న సెన్సర్ ఆ ఒత్తిడిని కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ తన దగ్గరున్న పట్టిక చూసి నిప్పురవ్వ సమయం నిర్ణయిస్తుంది. టకటక వినడానికి మెకానిక్ చెవి బదులు నాక్ సెన్సర్ ఉంది. సెకనులో ఎన్నోసార్లు లెక్క మారుస్తుంది. పొర, స్ప్రింగు, కడ్డీ పోయాయి. పల్చటి మిశ్రమానికి ముందే నిప్పు పెట్టాలన్న సూత్రం మాత్రం అలాగే ఉంది. వేల రూపాయల కంప్యూటర్ చేసే ఆ పనిని, కరెంటు తీగ కూడా లేకుండా దశాబ్దాల పాటు చేసింది ఆ రేకు డబ్బా.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. అన్నీ కరెంటు కార్లే. నిప్పురవ్వ లేదు, టైమింగ్ లేదు, టకటక అసలే లేదు. రేపటి కార్లన్నీ అలాగే ఉండొచ్చు. అందాకా పాత కారున్నవాళ్లు చేయాల్సిన పని ఒక్కటే. ఈసారి ఇంజిన్ వేడెక్కితే రేడియేటర్ కొనడానికి బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ పక్కన ఆ సన్న గొట్టం ఉందో, మరమేకు ఉందో ఓసారి చూడండి మరి!

*

ఇవి సరిచూసుకోండి!

• ముందుగా డీజిల్ కారు ఉన్నవాళ్లకో మాట. డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ వేసే ప్లగ్గే ఉండదు. ఈ కథంతా పెట్రోలు కార్లదే.

• ఇంజిన్ చల్లగా, ఆపి ఉన్నప్పుడు గొట్టాన్ని చేత్తో వంచి చూడండి. పగుళ్లుంటే మార్చేయండి. మీటరు రబ్బరు గొట్టానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

• డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, గొట్టం కార్బరేటర్ చివరను విప్పి, చేతి పంపుతో గాలి లాగితే లోపలి పళ్లెం కదలాలి. పంపు ఆపినా అక్కడే నిలబడాలి. మెల్లగా వెనక్కి జారితే పొర చిరిగినట్టు. గొట్టంలో పెట్రోలు ఆవిరి ఉంటుంది కాబట్టి నోటితో పీల్చొద్దు.

• టైమింగ్ పెట్టేటప్పుడు చాలా కార్లలో గొట్టం విప్పి, దాని చివర మూయాలి. పని అయ్యాక మళ్లీ తగిలించారో లేదో దగ్గరుండి చూడండి. తగిలించడం మర్చిపోవడం వల్లే చాలా గొట్టాలు మాయమవుతాయి.

• ఎత్తు ఎక్కుతుంటే టకటక వినిపిస్తే కాలు కొంచెం ఎత్తండి, గేరు తగ్గించండి. ఆ చప్పుడుతో రోజుల తరబడి నడిపితే పిస్టన్లకు చేటు.

• ఆవిరి కక్కుతున్న రేడియేటర్ మూతను వెంటనే తీయొద్దు. వేడి నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చల్లారే దాకా ఆగాల్సిందే.